టచప్ చేసిన వంశం

ఆ వీధిలో అందవికారంగా ఉన్న మనిషి ఒక్కరూ లేరు. నమ్మకపోతే ఏ ఇంటికైనా వెళ్లి గోడమీది ఫోటో చూసుకోండి. మెల్లకన్ను తిన్నగా ఉంటుంది, ఎత్తుపన్ను బుద్ధిగా లోపలికి సర్దుకుని ఉంటుంది, మొటిమల మొహం నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఇదంతా దేవుడి చలవ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మూలమలుపులో స్టూడియో పెట్టుకున్నాయన చలవ అది. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, అది గుర్తింపు కార్డులో పడి మూలుగుతోంది. పిల్లా పెద్దా అందరికీ ఆయన టచప్ గారు.

"దేవుడు హడావుడిలో చేసిన పనిని మనం తీరుబడిగా దిద్దుతాం" అని ఫోటో దిగడానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడాయన. మూడు తరాల పని మరి. తాత మొదలుపెట్టాడు, తండ్రి పేరు తెచ్చాడు, ఈయన నిలబెట్టాడు. ఇప్పుడంటే కంప్యూటరొచ్చింది గానీ, ఆ రోజుల్లో నెగెటివ్ మీద పల్చగా మందు పూసి, సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కో చుక్కా నింపాలి. నెగెటివ్‌లో లోకమంతా తిరగబడి ఉంటుంది కదా. మొహంమీది నల్లమచ్చ అక్కడ గాజులా తేటగా కనిపిస్తుంది. ఆ తేటని పెన్సిల్‌తో పూడిస్తే అచ్చులో మచ్చ మాయం. చెయ్యి వణికిందా, పెళ్లికూతురి బుగ్గమీద సున్నం చుక్క లేస్తుంది. టచప్ గారి చెయ్యి మాత్రం యాభై మూడేళ్లొచ్చినా వణికింది లేదు.

ఊళ్లోవాళ్ల మొహాలే దిద్దే మనిషి తనవాళ్ల మొహాలు ఊరికే వదిలేస్తాడా? వాళ్ల కుటుంబం ఆల్బమ్ చూస్తే కళ్లు చెదురుతాయి. మూడు తరాల జనంలో ఒక్క గాటు, ఒక్క ముడత, ఒక్క పుట్టుమచ్చ కనపడితే ఒట్టు.

ఫోటోలు దిద్దడం తమ్ముడి పనైతే చావులు దిద్దడం అక్క పని. స్టూడియో పై అంతస్తులో ఉండే ఆ అక్కగారు భర్త పోయిన దగ్గర్నుంచీ పుట్టింటి పరువుకి కాపలా కాస్తోంది. ఆవిడ చెప్పే లెక్క ప్రకారం తాతగారు పడకకుర్చీలో పేపరు ఆఖరి పేజీ దాకా చదివి, మడిచి పక్కన పెట్టి, నవ్వుతూ పోయారు. నాన్నగారు నలభై నాలుగో ఏట భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటుండగా గుండె ఆగింది. అందరికన్నా చిన్నదైన చెల్లెలు పదిహేనేళ్లకే ఎండదెబ్బ తగిలి పోయింది.

"మీ ఇంట్లో చచ్చినవాళ్లందరూ నిక్షేపంగా ఉండి చచ్చారు వదినా. ఒక్కళ్లకీ ఒంట్లో బాగోకపోవడమన్నదే లేదు" అనేది టచప్ గారి భార్య, గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ.

ఇక పెదాలమీద చుక్కల సంగతి. ఆ ఇంట్లో పుట్టినవాళ్లలో కొందరికి చిన్నతనంలోనే పెదాలమీద, నోటిచుట్టూ ఆవగింజలు అద్దినట్టు నల్లటి చుక్కలు వస్తాయి. వయసొచ్చేకొద్దీ పెదాలమీదవి వెలిసిపోతాయి, బుగ్గల లోపలివి ఉండిపోతాయి. మగవాళ్లు మీసాలు దట్టంగా పెంచుతారు. ఆడవాళ్లకి పౌడరుంది, ఆపైన స్టూడియో ఉంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి అక్కగారి దగ్గర సమాధానం ఎప్పుడూ సిద్ధమే. "మావాళ్లకి కలం కొరికే అలవాటమ్మా. సిరా దిగి అలా ఉండిపోయింది. చదువుల వంశం కదా!" తాతగారు నాలుగో తరగతి తప్పారు కదా అని మరదలు గుర్తుచేస్తే, "తప్పితే? కలం వదల్లేదుగా" అనేది.

ఆ మాటలు అలా సాగుతూనే ఉండేవి, టచప్ గారి కూతురు ఈతకొలను గట్టుమీద మెలికలు తిరిగి పడిపోకపోయి ఉంటే.

ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్లు. పిల్లలకి ఈత నేర్పుతుంది. ఒక్క ఈలేసిందంటే నీళ్లలో ఉన్న ముప్ఫైమందీ ఠక్కున ఆగిపోవాల్సిందే. ఏడాదిగా కడుపులో పోటు వస్తోందని అంటూనే ఉంది. "గ్యాసే తల్లీ" అని అత్త తేల్చేసింది. అత్త మాట కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆ గురువారం ఆసుపత్రిలో కడుపు కోసి చూస్తే, పేగులోకి పేగు దూరి ఉంది. లోపల చిన్న పుట్టగొడుగులాంటి కండ ఒకటి పెరిగి, పేగుని తనతో లాక్కుపోయింది. రక్తం ఆడక ఆ ముక్కంతా కుళ్లింది. కోసేసి, మిగిలింది కుట్టారు. పిల్ల బతికింది. కుళ్లిపోయిన కండ ఏ రకమో ల్యాబ్‌వాళ్లు తేల్చలేకపోయారు.

ఐదోరోజున ఇంకో డాక్టరు వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. పిల్లల జబ్బుకి పెద్దల చరిత్ర అడుగుతుందని ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి వంశాల డాక్టరమ్మ అంటారు. టార్చి వేసి అమ్మాయి బుగ్గల లోపల చాలాసేపు చూసింది.

"ఈ చుక్కలు ఎప్పట్నుంచి ఉన్నాయమ్మా?"

"ఏమో డాక్టర్. చిన్నప్పుడు పెదాలమీద కూడా ఉండేవని నాకో గుర్తు. కానీ ఫోటోల్లో లేవు. అంటే మధ్యలో వచ్చి ఉంటాయి" అంది అమ్మాయి. సొంత జ్ఞాపకం కంటే నాన్న తీసిన ఫోటో మీదే దానికి నమ్మకం ఎక్కువ. తల్లి అప్పుడు మందుల దుకాణం దగ్గర వరసలో నిలబడి ఉంది. ఉండి ఉంటే కథ అక్కడే తేలిపోయేది.

డాక్టరమ్మ తండ్రినీ అత్తనీ తన గదికి పిలిపించుకుంది. తెల్ల కాగితం తీసి మగవాళ్లకి చతురస్రాలు, ఆడవాళ్లకి సున్నాలు గీయడం మొదలుపెట్టింది. పోయినవాళ్లకి అడ్డంగా ఓ గీత.

"అదేంటమ్మా, మా నాన్నగారికి గీత కొట్టేశావ్!" అక్కగారు కుర్చీలోంచి సగం లేచింది.

"చనిపోయారని గుర్తండి. ఎలా పోయారు?"

అడగడమే ఆలస్యం. పడకకుర్చీ, పేపరు, నవ్వు, చెయ్యి కడుక్కోవడం, అన్నీ వరసగా వచ్చేశాయి. డాక్టరమ్మ కలం గాల్లోనే ఆగింది. "మరి ఈ అమ్మాయి? పదిహేనేళ్లకే పోయిందన్నారు?"

"ఎండదెబ్బ" అంది అక్కగారు.

టచప్ గారు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"ఒకసారి మీరిద్దరూ నోరు తెరుస్తారా?" అంది డాక్టరమ్మ. అక్కగారు సంబరంగా తెరిచింది. అద్దంలా ఉంది లోపల, ఒక్క చుక్క లేదు. టచప్ గారు మాత్రం చెంప పట్టుకున్నాడు.

"పన్ను నొప్పండీ. రెండ్రోజులుగా దవడ తెరుచుకోవట్లేదు."

అంతకు ముందు అరగంట సేపు కెమెరాల గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడిన దవడ అది. డాక్టరమ్మ ఆయన్ని ఓ చూపు చూసి, మెల్లగా చెప్పింది. "చూడండి, పాయిట్స్ జెగర్స్ అని ఒక జబ్బుంది. చాలా అరుదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుంది. చిన్నప్పుడే పెదాలమీద చుక్కలొస్తాయి, తర్వాత పేగుల్లో ఇలాంటి కండలు పెరుగుతాయి. వీళ్లకి క్యాన్సర్ వచ్చే ప్రమాదం మామూలువాళ్ల కంటే చాలా ఎక్కువ. పేగుల్లోనే కాదు, ఇంకా కొన్నిచోట్ల కూడా. ఉందని తెలిస్తే భయం లేదు. రెండుమూడేళ్లకోసారి గొట్టం వేసి చూసి, చిన్నగా ఉండగానే తీసేస్తాం. తెలియకపోతేనే గొడవ."

"ఎవరిదో ఇంటిపేరు తెచ్చి మాకు తగిలిస్తావేంటమ్మా?" అంది అక్కగారు.

"అందుకే అడుగుతున్నానండి. నోట్లో చుక్కలు వేరే రకంగా కూడా వస్తాయి, వాటికి అర్థం ఉండదు. చిన్నప్పట్నుంచీ ఉన్నాయా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా అన్నదే నాకు కావాలి. రక్త పరీక్ష ఉంది గానీ, కారణం చూపిస్తే తప్ప పంపనివ్వరు. చిన్నప్పటి ఫోటోలు ఏమైనా ఉన్నాయా?"

ఫోటోగ్రాఫర్ని ఫోటోలున్నాయా అని అడిగింది పాపం ఆ డాక్టరమ్మ! మర్నాడు అక్కగారు ఆల్బమ్ పట్టుపంచలో చుట్టి పట్టుకొచ్చింది. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పింది. మూడేళ్ల పిల్ల, ఆరేళ్ల పిల్ల, పదేళ్ల పిల్ల. పెదాలు గులాబీ రేకుల్లా ఉన్నాయి. తాత, తండ్రి, చెల్లెలు, అందరూ కడిగిన ముత్యాలే.

"వీటిలో ఏమీ దిద్దలేదు కదా?" అని సూటిగా అడిగింది డాక్టరమ్మ.

"దిద్దడానికి ఏముందమ్మా మా మొహాల్లో?" అంది అక్కగారు.

డాక్టరమ్మ ఆయన వంక తిరిగింది. లేదన్నట్టు టచప్ గారు తల అడ్డంగా ఊపాడు. అబద్ధం చెప్పాలని ఇంట్లోంచి బయల్దేరలేదాయన. కానీ తన కూతురి మీద ఆ ముద్ర పడుతుందన్న భయం ఒకపక్క, మూడు తరాల పనితనం బూటకమని ఒప్పుకోవాల్సి వస్తుందన్న సిగ్గు ఒకపక్క. వాటికి మించి ఇంకో భయం ఉంది. తన బుగ్గల లోపల ఎన్ని చుక్కలున్నాయో ఆయనకి తెలుసు. కూతురికి జబ్బుంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

"అయితే మంచిదే. చిన్నప్పుడు లేవంటే ఇవి మామూలు చుక్కలే అనుకోవాలి. కండ కూడా ఒంటరిగా వచ్చిందే అయి ఉంటుంది. మళ్లీ నొప్పి వస్తే రండి" అని ఆవిడ ఫైలు మూసేసింది.

మెట్లు దిగుతూ అక్కగారు, "విన్నావురా తమ్ముడూ? మన వంశానికి వంకపెట్టడం ఎవరి తరం?" అంది. ఆ సాయంత్రమే వీధంతా తిరిగి చెప్పొచ్చింది. పిల్లికి ఎలుక సాక్ష్యం చెప్పిందని వీధికేం తెలుసు, అందరూ సంతోషించారు.

ఇంట్లో భార్యకి, "పెద్ద పరీక్షలేం అక్కర్లేదన్నారు, మామూలేనట" అని చెప్పాడాయన. పదిరోజుల పాటు స్టూడియోకి వచ్చిన మొహాలన్నీ ఒక్కలాగే దిద్దాడు. ఓ పెళ్లికొడుకు వచ్చి, "నా ముక్కు ఏమైందండీ?" అని అడిగాడు కూడా.

పదకొండోరోజు ఆదివారం. స్టూడియోకి సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మాయి చేతులు కడుక్కోవడానికి లేచింది. సింకు దగ్గర నిలబడినదల్లా ఉన్నట్టుండి ఎడమచెయ్యి గట్టుమీద ఆనించి, ముందుకు వంగి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు నాన్నా. కుట్లు లాగుతున్నట్టున్నాయి."

సరిగ్గా ఇలాగే వంగేది చెల్లెలు. అదే ఎడమచెయ్యి, అదే కళ్లు మూసుకోవడం. "ఏం లేదన్నయ్యా" అనేది. ఏడాదిపాటు అంది.

ఆయన కిందకి దిగి స్టూడియో తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. అటకమీది రేకుపెట్టె దించాడు. ఇంట్లోవాళ్ల నెగెటివ్‌లన్నీ కాగితం కవర్లలో తేదీలు వేసి ఉన్నాయి. చెల్లెలి కవరు తీసి, నెగెటివ్‌ని కింద లైటున్న గాజు బల్లమీద పెట్టాడు. చెల్లెలు పోయిన నాలుగోరోజున గోడకి తగిలించడానికి తయారుచేసిన బొమ్మ. పదిహేడేళ్ల వయసులో ఆయన చేసిన మొట్టమొదటి టచప్ అదే. అప్పుడు నాన్న భుజం తట్టి, "నా అంతవాడివవుతావురా" అన్నాడు. ఆ మాట ముప్ఫై ఆరేళ్లుగా గర్వంగా చెప్పుకుంటూ వచ్చాడు. ఎవరి బొమ్మ దిద్దితే అన్నాడో మాత్రం ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

దూదిని టర్పెంటైన్‌లో ముంచి పెదాల దగ్గర మెల్లగా తుడిచాడు. పెన్సిల్ మసి దూదికి అంటుకుంది. ఒక చుక్క తేటగా బయటపడింది. ఇంకోటి. ఇంకోటి. పదమూడు లెక్కపెట్టాడు, ఆపైన కళ్లు ఆనలేదు.

గడియ వెయ్యని వెనక తలుపు తోసుకుని భార్య వచ్చింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, గాజు బల్ల వంకా, దూది వంకా, మొగుడి మొహం వంకా చూసింది.

"డాక్టరమ్మకి ఏ ఫోటోలు చూపించారు?"

ఆయన దూది కింద పెట్టాడు.

"మిమ్మల్నే. ఏ ఫోటోలు చూపించారు?"

"ఆల్బమ్."

ఆవిడ స్టూలు మీద కూలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. "దాని పెదాలమీద చుక్కలు నేను ముద్దుపెట్టుకుంటూ లెక్కపెట్టేదాన్ని. తొమ్మిది" అంది. "అవి మీరు కంప్యూటర్లో చెరిపేస్తుంటే, పోన్లే ముచ్చట పడుతున్నారు అనుకున్నా. డాక్టరు దగ్గర కూడా చెరిపేస్తారనుకోలేదండీ."

ఆయన పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. దిద్దకముందు తీసిన అసలు ఫోటోలన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. దాని పేరు 'పనికిరానివి'. మూడేళ్ల కూతురు, ఆరేళ్ల కూతురు, పదేళ్ల కూతురు, పెదాలమీద తొమ్మిది చుక్కలతో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. అన్నీ అచ్చు తీశాడు. ఒక్కటీ దిద్దలేదు. నాన్న నెగెటివ్ కూడా తుడిచి, చెల్లెలిదానితో పాటు కవరులో పెట్టాడు.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరితే, చంకలో కవరు చూసి అక్కగారికి అనుమానం తగిలింది. ఇంకో ఆటో మాట్లాడుకుని మరీ వెంటపడింది. డాక్టరమ్మ గదిలోకి అందరూ ఒకేసారి దూరారు. ఆయనా, భార్యా, కూతురూ, వెనకాలే రొప్పుతూ అక్కగారూ.

టచప్ గారు ముందు నోరు తెరిచాడు. గొంతు కనపడేంతగా తెరిచాడు. డాక్టరమ్మ టార్చి వేసింది.

"దవడ బాగైపోయినట్టుందే" అంది.

"దవడకేం రాలేదండీ. బుద్ధికే వచ్చింది" అని ఆయన కవరులోవన్నీ బల్లమీద పరిచాడు. "ఆ ఆల్బమ్ అంతా నేను దిద్దింది. ఇవి అసలువి. ఇది మా అమ్మాయి, మూడేళ్లప్పుడు. ఇది మా నాన్న. గుండెపోటు కాదండీ, కడుపులో క్యాన్సర్. ఎనిమిది నెలలు తీసుకుని పోయాడు. ఇది మా చెల్లెలు."

డాక్టరమ్మ నెగెటివ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టింది. కవరు మీద రాసి ఉన్న, ఆ పిల్ల పోయిన తేదీ చూసింది. "వానాకాలం మధ్యలో ఎండదెబ్బా?"

"ఒరేయ్!" అక్కగారి గొంతు గదిలో ఖంగుమంది. "ఇంటిగుట్టు బజారున పెడతావురా? చచ్చినవాళ్లని రచ్చకీడ్చి నువ్వు బావుకునేదేంట్రా?"

"నా కూతురు, అక్కా. నా కూతుర్ని బావుకుంటా." ఆయన అక్క ముందు గొంతు పెంచడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "చెల్లి ఎలా పోయిందో నీకు తెలీదూ? మూడ్రోజులు వాంతులు చేసుకుంది. డాక్టర్ని పిలవనివ్వలేదు. ఎందుకు పిలవనివ్వలేదో చెప్పు!"

అక్కగారు నోరు తెరిచింది. ఎప్పుడూ సిద్ధంగా ఉండే సమాధానం ఈసారి రాలేదు. కుర్చీ కోసం చేత్తో వెతుక్కుంటూ కూర్చుంది.

"నా పెళ్లి" అంది చివరికి. "ఆ వారంలోనే నా పెళ్లి. ఇంట్లో జబ్బుందని తెలిస్తే అవతలివాళ్లు వెనక్కి పోతారన్నాడు నాన్న. తగ్గిపోతుందిలే అన్నాడు. నేను పక్కగదిలో చీరలు మడతపెట్టుకుంటున్నా. అది పిలిచింది. వినపడనట్టు ఊరుకున్నానమ్మా." అది ఎవరితో చెప్పుకుంటోందో ఆవిడకే తెలిసినట్టు లేదు. మేనకోడలు లేచి వెళ్లి అత్త భుజంమీద చెయ్యి వేసింది.

డాక్టరమ్మ పాత కాగితం తీసింది. మూడు గుర్తుల్లో నలుపు నింపింది. తండ్రి చతురస్రం, చెల్లెలి సున్నా, టచప్ గారి చతురస్రం. తర్వాత అమ్మాయి సున్నా కూడా నింపింది. "ఇప్పుడు రక్తం పంపడానికి ఎవరూ అడ్డం చెప్పరు. కానీ ఆ రిపోర్టు కోసం ఆగను. నా మట్టుకు ఇది అదే జబ్బు. ఈ వారంలోనే గొట్టం వేసి చూడాలి, అమ్మాయికి ముందు, తర్వాత మీకు. మీ అక్కగారికీ పరీక్ష చేయిద్దాం. ఇది వస్తే వస్తుంది, లేకపోతే లేదు. సగం సగం అవకాశం."

బయటికొచ్చాక అమ్మాయి తండ్రి వంక తిరిగింది. "పదకొండు రోజులు నాన్నా" అంది. "ఫోటోల్లో లేవు కాబట్టి నాకే తప్పుగా గుర్తుందనుకున్నా. నా మొహం నాకే తెలీకుండా చేశావ్." ఆ తర్వాత నాలుగు రోజులు ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన ఈలోగా ఆ ఆరేళ్ల ఫోటోని చట్రం కట్టించి దాని బల్లమీద పెట్టాడు. అమ్మాయి దాన్ని బోర్లా తిప్పేసింది.

రక్త పరీక్షల ఫలితాలు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఒక్క అక్కగారి సంగతే ఇక్కడ ముందుగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆవిడ ఆగే మనిషి కాదు. ఆవిడకి ఆ జబ్బు లేదని తేలింది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ తొడుగు వేయించి, సంచిలో పెట్టుకుని, వీధిలో ప్రతి గడపా ఎక్కి చూపించింది. అయితే ఒక్క తేడా ఉంది. ఆ కాగితం చూపించిన ప్రతి ఇంట్లోనూ, "మా చెల్లికి ఉండేది. చూపించుకోక పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి అంటే గ్యాసని ఊరుకోకండమ్మా" అని కూడా చెప్పింది. గొప్పలు పోవడం ఎంత మానకపోయినా, ఆ మాట మాత్రం ఎక్కడా మింగలేదు.

అమ్మాయికి గొట్టం పరీక్ష ఆ వారంలోనే, శుక్రవారం జరిగింది. డాక్టరమ్మ బయటికొచ్చి, నాలుగు కండలు తీశామని చెప్పింది. మూడు చిన్నవి. ఒకటి ద్రాక్షపండంత. "ఇంకొన్నాళ్లు ఊరుకుని ఉంటే అది మళ్లీ పేగుని లాగేసేదే. ల్యాబ్‌కి పంపాం, చూద్దాం. మంచి టైములో తెచ్చారు" అంది. మంచి టైము అన్న మాటకి భార్య టచప్ గారి వంక చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు.

మత్తు దిగేదాకా పక్కన కూర్చోడానికి ఒక్కరినే రానిస్తామన్నారు. "మీరెళ్లండి" అంది భార్య. పచ్చతెరలు కట్టిన పొడుగాటి గదిలో, చక్రాల మంచంమీద కూతురు పడుకుని ఉంది. పెదాలు ఎండి తోలు లేచి ఉన్నాయి. ఆయన ఇనప స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపటికి అమ్మాయి కళ్లు తెరిచింది.

"ఎన్ని?" అంది.

"నాలుగు తల్లీ. తీసేశారు."

"నీకెప్పుడు?"

"రేపు పొద్దున్న."

ఆయన మోకాళ్లమీద పెట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. దాచుకోవాలని ఒకదానిలో ఒకటి దూర్చాడు, అయినా ఆగలేదు.

"భయంగా ఉందా నాన్నా?"

లేదమ్మా అనబోయాడు. నోటిదాకా వచ్చింది కూడా. "ఉందమ్మా" అన్నాడు. "చాలా భయంగా ఉంది. నీ గురించి భయపడ్డా, ఇప్పుడు నా గురించి భయపడుతున్నా. నాకేమన్నా ఉంటే మా నాన్నలాగే పోతానేమోనని భయంగా ఉంది." చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పక్క మంచంమీది ముసలాయన తెర పక్కకి జరిపి చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాడు టచప్ గారు.

అమ్మాయి సెలైన్ సూది లేని చెయ్యి చాపి ఆయన వేళ్లు పట్టుకుంది.

"రేపు అమ్మ కాదు, నేనొస్తా లోపలికి" అంది. గొంతు ఇంకా ముద్దగానే ఉంది. "గొట్టం ఏం తెలీదు, నిద్రలో అయిపోతుంది. ఈ రాత్రి తాగమని ఇస్తారు చూడు, రెండు లీటర్ల మందునీళ్లు, అదే దరిద్రం. ముక్కు మూసుకుని గటగటా తాగెయ్. మధ్యలో ఆపావా, చచ్చినా మళ్లీ దిగదు."

"సరేనమ్మా" అన్నాడాయన, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంటూ. "ఒకేసారి తాగెయ్యనా, గ్లాసు గ్లాసుగానా?"

"గ్లాసు గ్లాసుగా. నేను పక్కన కూర్చుని లెక్కపెడతాలే."